బండి ముచ్చట్లు: కట్టర్ పెట్టే ముందు

"కాకా, నీ దగ్గర కట్టర్ మిషన్ ఉన్నది గదా, ఒక పూటకు ఇస్తవా?"

ఉగాది తెల్లారి మా వెనక గల్లీ పిల్లగాడు వచ్చి అడిగిన మాట ఇది. ఎందుకురా అంటే, వాళ్ల బాపు యెజ్డీ బండిని కోసి బాబర్ చేస్తాడట. ఫోన్‌లో బొమ్మ చూపించాడు. వెనక మడ్గార్డు సగం లేదు. ఒక్క మనిషి కూర్చునేటంత చిన్న సీటు, లావు టైర్లు, మూరెడు సైలెన్సర్, మొత్తం నలుపు. బొమ్మ బాగనే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలె.

కాని ఆ బండి నాకు తెలుసు. 1987లో దీపావళి బోనస్, భిశీ ఎత్తిన పైసలు కలిపి వాళ్ల బాపు కొన్న రోడ్‌కింగ్ అది. ఆయన మా ఖాతాలో జాబర్. రెండో పాళీ విడిచిన తర్వాత గేటు బయట ఆ బండి స్టార్ట్ అయిందంటే చాళ్‌లో ఆడవాళ్లు పొయ్యి మీద చాయ్ పెట్టేవాళ్లు, మగవాళ్లు వస్తున్నారని. మిల్లు మూతపడ్డాక అదే బండి మీద టవల్ గఠ్ఠాలు కట్టుకొని కార్ఖానా కార్ఖానాకు తిప్పి ముగ్గురు పిల్లలను సాకాడు. రెండేళ్ల కింద ఆయన పోయాడు. బండి గోడ పక్కన పాత చద్దరు కప్పుకొని నిలబడి ఉంది.

"కట్టర్ ఇస్త గని, ముందుగాల బండి చూద్దాం పా" అన్నాను.

వదిన గడపలో చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. నన్ను చూసి, "మీరిద్దరు ఏమన్న చేసుకోండ్రి గని, భంగారోనికి మాత్రం ఇయ్యకుండ్రి" అంది. మళ్లీ తల ఎత్తలేదు.

చద్దరు తీశాం. టాంకీకి జంగు, సీటు చినిగి లోపల కొబ్బరి పీచు బయటికి వచ్చింది, ఇంజన్ జామ్. పిల్లగాని దోస్తు ఒకడు చుట్టూ తిరిగి చూసి, "కాకా, దీనికి కిక్కు రాడే లేదు, ఎవడో ఎత్తుకపోయిండు" అన్నాడు. నవ్వు ఆగలేదు. జావా, యెజ్డీ బండ్లకు కిక్కు వేరే, గేరు వేరే ఉండవు. ఎడమ పక్కన ఉన్న గేరు రాడ్‌నే లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్కు అవుతుంది. స్టార్ట్ అయినంక కిందికి దింపితే మళ్లీ గేరు. ఇరవై ఏండ్ల పిల్లలకు ఇది జాదూ లాగ కనిపిస్తుంది.

ఈ బండి పుట్టుక కూడా మన మిల్లు కథ లాంటిదే, అందుకే రెండు మాటలు చెబుతాను. ప్రాగ్‌లో యానెచెక్ అనే ఆయన 1929లో వాండరర్ అనే కంపెనీ నుంచి మోటార్ సైకిల్ హక్కులు కొన్నాడు. రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిస్తే జావా. ఆ బండినే మన దేశంలో తయారు చేయడానికి రుస్తుం ఇరానీ మైసూరులో ఐడియల్ జావా కంపెనీ పెట్టాడు. 1961 నుంచి యాదవగిరి ఫ్యాక్టరీలో బండ్లు తయారయ్యాయి. 1973 నుంచి జావా పేరు పోయి యెజ్డీ వచ్చింది. రోడ్‌కింగ్ 1978లో వచ్చింది. 250 సీసీ, ఒకే సిలిండర్, రెండు సైలెన్సర్లు, టూ స్ట్రోక్. తర్వాత 1985 ప్రాంతంలో జపాన్ వాళ్ల పొత్తుతో 100 సీసీ బండ్లు వచ్చాయి. లీటరుకు 80 కిలోమీటర్లు అనే ప్రచారం ముందు లీటరుకు 25, 30 ఇచ్చే యెజ్డీని ఎవరు కొంటారు? 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది. మన దగ్గర భోంగాలు ఆగిపోతున్న రోజులు కూడా అవే. అక్కడి కార్మికులు కొందరు తర్వాత సొంతంగా గ్యారేజీలు పెట్టుకొని అవే బండ్లు బాగు చేసుకుంటూ బతికారు, మనోళ్లు నాలుగు సాంచెలు కొనుక్కొని బతికినట్టు.

ఆ పేరు మళ్లీ వచ్చింది. 2018లో కొత్త జావాలు, 2022లో కొత్త యెజ్డీలు వచ్చాయి. అవి ఫోర్ స్ట్రోక్. ఆ చప్పుడు వేరే.

ఇక పిల్లగాని బాబర్ సంగతి. ఈ కస్టం బండ్ల పిచ్చి ఇవాళ్టిది కాదు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన అమెరికా సిపాయిలు బరువు తగ్గించడానికి మడ్గార్డులు కోసి నడిపారు, అది బాబర్. లండన్‌లో చాయ్ హోటళ్ల దగ్గర చేరి పందెం వేసుకునే పిల్లలు హ్యాండిల్ కిందికి దించి, ముందుకు వంగి నడిపారు, అది కఫే రేసర్. ఇప్పుడు కంపెనీలే అలాంటి బండ్లు చేసి అమ్ముతున్నాయి. షోరూమ్ నుంచే బాబర్‌గా వచ్చిన దానికి కాగితాలు కూడా బాబర్‌వే ఉంటాయి. మనం గల్లీలో కోసినదానికి ఉండవు. తేడా అక్కడ వస్తుంది.

నేను ఈ మాట పుస్తకం చదివి చెప్పడం లేదు. ఈ శీర్షికలో ఇంతవరకు రాయని సంగతి ఒకటి ఉంది.

2003లో నాకు కొత్తగా వెల్డింగ్ చేతిలోకి వచ్చింది. మా మేనమామ దగ్గర ఒక పాత జావా ఉండేది. మెరూన్ రంగు, టాంకీ పక్కల క్రోమ్. "మామా, దీన్ని సినిమా బండి చేసిస్త" అని ఆయన వద్దనేలోపే తెచ్చుకున్నాను. సీటు వెనక ఫ్రేమ్ కోశాను. అక్కడ గుండ్రంగా పైపు వంచి వెల్డింగ్ పెట్టాను. సైలెన్సర్లు సగానికి కోశాను. రంగు నున్నగా రావాలని ఫ్రేమ్ మొత్తం గ్రైండర్‌తో రుద్దాను. హ్యాండిల్ దగ్గర, ఫ్రేమ్ మీద చెక్కిన నంబరు ఉందన్న సోయి నాకు లేదు. రంగు పడ్డాక చూస్తే అక్కడ అద్దం లాగ మెరుస్తోంది, అంకె ఒక్కటీ లేదు.

రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు తీసుకుపోతే ఇన్‌స్పెక్టర్ వేలితో తడిమి చూశాడు. "ఇది ఏ బండో నాకేం తెలుసు?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. నంబరు లేని ఫ్రేమ్ దొంగతనం ఫ్రేమ్‌తో సమానం. నాలుగుసార్లు తిరిగాం, పని కాలేదు. మామ నన్ను ఒక్క మాట అనలేదు. బండి మీద చెయ్యి వేసి నిమిరి, సంచి భుజాన వేసుకొని బస్సెక్కి ఇంటికి పోయాడు. ఏడాదికి ఆ జావా కిలోల లెక్కన పోయింది. ఆయన బతికి ఉన్నన్ని రోజులు బస్సులోనే తిరిగాడు.

ఇది చెప్పాక పిల్లగాడు కట్టర్ మాట ఎత్తలేదు. కాని ముఖం ముడుచుకున్నాడు. వయసు అట్లాంటిది.

చట్టం సంగతి కూడా చెప్పాను. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దని అది చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించారు. ఇప్పుడు అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించుకోవాలె. నెల పగారంతా జరిమానాకు పోతే ఇంట్లో ఏమి తింటారు?

చట్టాన్ని పక్కన పెట్టినా బండి కూడా ఒప్పుకోదు. యెజ్డీ వెనక షాకప్‌ల పై కొస ఆ ఫ్రేమ్ భాగానికే తగిలించి ఉంటుంది. అక్కడ కోసి అతికిస్తే, గుంతల్లో పడ్డ ప్రతిసారీ ఆ అతుకు మీదే దెబ్బ. సైలెన్సర్ సంగతి ఇంకోటి. టూ స్ట్రోక్‌లో పొగ బయటికి పోయే దారి, కొత్త పెట్రోలు గాలి లోపలికి వచ్చే దారి కొంతసేపు రెండూ తెరిచే ఉంటాయి. సైలెన్సర్ లోపల నుంచి వెనక్కి కొట్టే ఒత్తిడే ఆ కొత్త గాలిని బయటికి జారిపోకుండా ఆపుతుంది. పైపు కోస్తే గల్లీ మొత్తం వినపడేంత చప్పుడు వస్తుంది, లాగుడు మాత్రం తగ్గిపోతుంది. పెట్రోలు ఊరికే పోతుంది.

ఏప్రిల్‌లో పని మొదలుపెట్టాం. పొద్దున ఇద్దరం కార్ఖానాలో, సాయంత్రం ఏడు నుంచి బండి దగ్గర.

మొదటి రోజు ఒక్క నట్టూ విప్పలేదు. ఫోన్‌తో ఫోటోలు తీయడమే పని. ఏ వైరు ఏ వైపు పోతుంది, ఏ కేబుల్ ఏ క్లిప్పు కింద ఉంది, అన్నీ. తర్వాత విప్పిన నట్లను పాత చాయ్‌పత్తా డబ్బాల్లో వేసి పేర్లు రాశాం. ఇది చిన్న పని అనుకోకండి. సగం బండ్లు ముక్కలుగా మిగిలిపోయేది ఇక్కడే. విప్పడం ఒక పూట పని, ఏది ఎక్కడిదో మర్చిపోతే ఇక సంచిలోనే ఉంటుంది.

ఇంజన్ జామ్ తీయడానికి తొందర పడలేదు. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోశాం. ఎనిమిది రోజులు అట్లనే వదిలేశాం. రోజూ సాయంత్రం గేరులో పెట్టి వెనక చక్రాన్ని కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి ఊపేవాళ్లం. ఏడో రోజు దాకా కదల్లేదు. ఎనిమిదో రోజు 'టక్' మంది. పిల్లగాడు గట్టిగా అరిచాడు, వదిన బీడీల చాట పక్కన పెట్టి ఉరికి వచ్చింది, ఎవరికన్నా దెబ్బ తగిలిందేమోనని.

సిలిండర్ ఒక సైజు బోరు కొట్టించి కొత్త పిస్టన్ వేశాం. క్రాంక్ బేరింగులు, ఆయిల్ సీళ్లు మార్చాం. ఈ సీళ్ల గురించి చెప్పాలె, ఎందుకంటే కొత్త పిస్టన్ వేసి సీళ్లు పాతవే ఉంచే మిస్త్రీలు ఉన్నారు. టూ స్ట్రోక్ ఇంజన్‌లో కింద ఉన్న క్రాంక్ డబ్బానే పంపు. పెట్రోలు గాలి ముందు అందులోకి వచ్చి, నొక్కుడు పడి, అప్పుడు పైకి పోతుంది. బోరింగ్ పంపులో వాషర్ అరిగితే నీళ్లు ఎక్కవు గదా, అట్లనే. డైనమో వైపు సీలు పోతే బయటి గాలి గుంజుకుంటుంది, ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిల్ గుంజుకొని కాలుస్తుంది. బండి వెనక తెల్ల పొగ ఆగకుండా వస్తూ, గేరు ఆయిల్ తగ్గుతూ ఉంటే పెట్రోలులో ఆయిల్ ఎక్కువైందని అనుకోకండి, ముందు ఆ సీలు చూడండి. పెట్రోలులో మేము లీటరుకు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలుపుతున్నాం. వాళ్ల బాపు ఆయిల్ కొలిచే మూత గూట్లోనే దొరికింది. దాని అంచు మీద మొలతో గీసిన గీత ఉంది. కొలిచి చూస్తే సరిగ్గా 40.

సామాన్ల కోసం ఒక ఆదివారం పుణె జూనా బజార్ తిరిగాం. హెడ్‌లైట్ రింగు, ఒక బ్రేక్ ప్లేటు దొరికాయి. హైదరాబాద్ రాణిగంజ్ నుంచి మా బావమరిది కేబుళ్లు, రబ్బర్లు పంపాడు. ఎక్కడ కొన్నా పాత ముక్క చేతిలో పెట్టుకొని పోండి. బొమ్మ చూసి కొంటే రెండుసార్లు కొనాలె.

టాంకీ లోపల జంగు పోవడానికి గుప్పెడు నట్లు, ముక్కలు చేసిన చైను వేసి, డీజిల్ పోసి, మూత బిగించి ఊపుడే ఊపుడు. గల్లీ పిల్లలందరికీ తలా వంద ఊపులు పంచాం. బయట ఎర్ర రంగు గీకుతుంటే కింద నలుపు కనిపించింది. ఇంకా నెమ్మదిగా గీకితే బంగారు రంగు సన్న గీత. వాళ్ల బాపు ఎప్పుడో ఎరుపు వేయించాడు. ఆర్‌సీ తీసి చూస్తే రంగు దగ్గర 'బ్లాక్' అని ఉంది. పిల్లగాడు కోరిన నలుపు బండి లోపలే ఉంది. ఆ రోజు వాని ముఖం చూడాల్సింది.

క్రోమ్ మాత్రం చేయించలేదు. హ్యాండిల్, రిమ్ముల మీద చుక్కలు చుక్కలుగా జంగు ఉంది. నికెల్ పూత, దాని మీద క్రోమ్, సరిగ్గా చేయించాలంటే మిగతా బండి ఖర్చంత అవుతుంది. ఉన్నదాన్ని శుభ్రం చేసి ఆయిల్ రాశాం. దూరం నుంచి చూసేవాళ్లకు అదే బాగుంటుంది, దగ్గరికి వచ్చేవాళ్లకు వయసు తెలుస్తుంది. అంతా కలిపి 31 వేలు అయింది. పిల్లగాడు ఓవర్‌టైం చేసి కొంత, అక్క ఇచ్చింది కొంత.

ఒక్క సీటు దగ్గర మాత్రం పట్టు వదల్లేదు. పుణెలో తెచ్చిన ఒంటి సీటు ఒకటి వాని దగ్గర ఉంది. బోల్టుతో బిగించేదే, ఫ్రేమ్ కోయనక్కర లేదు. నట్టు బోల్టుతో పెట్టి మళ్లీ తీయగలిగేదానికి నేను మరీ అడ్డం చెప్పను. బిగించి చూసుకుంటున్నాడు, మురుస్తున్నాడు. వదిన చాయ్ తెచ్చి నిలబడింది.

"బాగుందిరా. మరి నేనేడ కూసోవాలె?"

ఎవరం మాట్లాడలేదు. వాళ్ల బాపు ఉన్నప్పుడు ప్రతి అమావాస్యకు ఆ బండి వెనక కూర్చొని తుల్జాపూర్ పోయి వచ్చేది ఆమె. మరునాడు వాడు పొడుగు సీటుకు కొత్త రెగ్జిన్ కుట్టించుకు వచ్చాడు. ఒంటి సీటు ఇప్పుడు మా షెడ్డులో మొలకు వేలాడుతోంది, ఎవరికన్నా కావాలంటే సగం ధరకు ఇస్తాడట.

కాగితాల పని గురించి అక్కలు, అన్నలు అందరూ వినాలె, ఎందుకంటే మన ఇళ్లల్లో పోయినవాళ్ల పేరు మీదనే ఎన్నో బండ్లు తిరుగుతున్నాయి. యజమాని పోతే 30 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలె, మూడు నెలల్లో వారసుల పేరుకు మార్చుకోవాలె. దానికి 31వ నంబరు ఫారం. 15 ఏండ్లు దాటిన సొంత బండికి ఐదేండ్లకు ఒకసారి రెన్యువల్, దానికి 25వ నంబరు ఫారం. మహారాష్ట్రలో పాత బండికి పర్యావరణ పన్ను కూడా ఉంటుంది. ఆలస్యమైతే జరిమానా పడుతుంది, అయినా పని అవుతుంది. మావాళ్లు రెండేండ్లు ఆలస్యం చేశారు. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల ఒప్పుకోలు, ఇన్సూరెన్సు, పీయూసీ అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొని తిరిగాం.

ఫారం మీద చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ తీయాలె. నంబరు మీద సన్న కాగితం పెట్టి పెన్సిల్ రుద్దితే అంకెలు కాగితం మీదికి వస్తాయి. ఆ పని నేను చేస్తానన్నాను. ఫ్రేమ్‌కు రంగు వేసేటప్పుడు ఆ జాగా మీద గ్రైండర్ కాదు గదా, సాండ్ పేపర్ కూడా పెట్టనివ్వలేదు. గుడ్డతో తుడిచి, గ్రీజు రాసి ఉంచాను. రుద్దుతుంటే ఒక్కొక్క అంకె బయటికి వచ్చింది. చివరి అంకె వచ్చేదాకా నా చెయ్యి నా మాట వినలేదు.

జూన్ ఆఖర్లో ఆర్‌సీ వచ్చింది. జులైలో రెండో ఆదివారం ఎక్కడెక్కడి జావా, యెజ్డీ వాళ్లు బండ్లు బయటికి తీస్తారు. మేము మూడు బండ్లు నల్‌దుర్గ్ పోయాం. హైదరాబాద్ రోడ్డు మీద దగ్గర దగ్గర 45 కిలోమీటర్లు. ఈ దారినే మనోళ్లు మగ్గాల పని వెతుక్కుంటూ సోలాపూర్ వచ్చిన్రని మా తాత చెప్పేటోడు. బోరామణి దాటాక పిల్లగాని బండి దగ్గి ఆగింది. కొత్త ఇంజన్ అని నెమ్మదిగా నడిపిస్తున్నాం గదా, ప్లగ్గు మసి పట్టింది. నాలుగు నిమిషాల పని. వదిన దిగి, వేప చెట్టు కింద కూర్చొని, "ఈడనే ఆయనకు గూడ ఆగేది" అంది. అది నిజమో, మమ్మల్ని ఊరడించడానికో తెలియదు.

కోటలో పానీ మహల్ చూశాం. వానలు ఇంకా పుంజుకోలేదు, ఆనకట్ట మీది నుంచి ధారలు పడడం లేదు. జొన్న రొట్టెలు, పల్లీ పొడి తిని తిరిగి వచ్చాం. వచ్చేటప్పుడు వెనక బ్రేక్ దగ్గర కీచుమనే చప్పుడు. లైనర్ అయి ఉంటుంది, వచ్చే ఆదివారం విప్పుతాం.

భివండీ నుంచి ఒక తమ్ముడు రాజ్‌దూత్ 175 సంగతి రాశాడు. పదేండ్లుగా వానలో ఉందట, కొంటే పనికి వస్తుందా అని. తమ్మీ, డబ్బులు ఇచ్చే ముందు ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు ఆర్‌సీతో కలుస్తున్నాయో లేదో చూసి నాకు మళ్లీ రాయి. మిగతాది వచ్చే నెల చెబుతాను.